మాట్లాడని బల్ల

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాక. ఒకచోట ఉండాల్సిన ఒత్తు ఇంకోచోట పడితే మన్నించండి. చెయ్యి కూడా నెమ్మది. ఈ కథ మొదలుపెట్టినప్పుడు మా వీధిలో పునాది తీస్తున్న ఇంటికి ఇప్పుడు రంగులు వేస్తున్నారు. అయినా కథ రాసేవాళ్లకు తొందరేముంది, చదివేవాళ్లకు గాని.

హోటళ్ల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపే పెద్ద లాండ్రీ అది. ఎవరెవరో పొర్లాడి నలిపిన దుప్పట్లు ఒక వాకిట్లోంచి లోపలికి వచ్చేవి. ఎవరూ ఎన్నడూ పడుకోనట్టుండే దుప్పట్లు రెండో వాకిట్లోంచి బయటికి పోయేవి. మధ్యలో నలిగేది ఆడవాళ్లు.

మడత బల్లల దగ్గర ఇద్దరిద్దరు జోడీగా నిలబడేవాళ్లు. దుప్పటి మడత ఒక్క మనిషి పని కాదు. ఇద్దరూ చెరో రెండు కొసలు పట్టుకోవాలి. తలకంటే ఎత్తుకు లేపి ఒక్క విదిలింపు విదిలించాలి. అప్పుడు దుప్పటి మధ్యలో గాలి నిండి, ముడత లేకుండా దిగుతుంది. తర్వాత ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. ఒకరు కొసలు అందిస్తే ఇంకొకరు వంగి జారిన మడతను అందుకోవాలి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. కొత్త జోడీ అయితే తలలు గుద్దుకుంటాయి. పాత జోడీ అయితే చూసేవాళ్లకు నిద్ర వస్తుంది, అంత హాయిగా ఉంటుంది.

కిటికీ పక్కన బల్ల దగ్గరి జోడీ అందరికంటే పాతది. ఇద్దరూ తోడికోడళ్లు. లాండ్రీ అంతా వాళ్లను పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేది. సొంత పేర్లు జీతం రోజు తప్ప వాళ్లకే గుర్తొచ్చేవి కావు. వాళ్ల బల్ల మీద పని అందరికంటే ముందు అయ్యేది, దుప్పటి అంచుకు అంచు కత్తిరించినట్టు కలిసేది. మడతల మేస్త్రి కొత్తవాళ్లను తీసుకొచ్చి చూపించేవాడు. "చూడండి. మాటా పలుకూ లేకుండా ఎలా చేస్తున్నారో చూసి నేర్చుకోండి."

మాటా పలుకూ లేకపోవడం పని మీద శ్రద్ధ కాదు. వాళ్లిద్దరికీ మాటల్లేవు.

అత్తగారు మంచం పట్టినప్పుడు ఇద్దరూ వారం వారం వంతులు వేసుకుని చూశారు. పెద్దకోడలి వంతులో ఆవిడ కన్నుమూసింది. పలకరించడానికి వచ్చిన పది మందిలో చిన్నకోడలు ఏడుస్తూ ఏడుస్తూ ఒక మాటంది. "నా వంతులో ఉండుంటే ఇంకా బతికేది." పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట అంత దూరం పోలేదు. ఇంటి మధ్యలో గోడై నిలబడిపోయింది. ఇటు ఒక వాకిలి, అటు ఒక వాకిలి, రెండు పొయ్యిలు. పొద్దున ఒకే బస్సు ఎక్కేవాళ్లు, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. లాండ్రీ దగ్గర దిగాక మాత్రం ఒకే దుప్పటికి రెండు చివరల్లో.

మాటల్లేకపోయినా దుప్పటి ఉందిగా. చిన్నగా ఒక గుంజు గుంజితే ఆగమని. రెండుసార్లు వదులు చేస్తే మేస్త్రి వస్తున్నాడని. కొస చేతికి విసురుగా తగిలితే నిన్న రాత్రి మీ మనవడు గోడ మీద బంతి కొట్టి నన్ను నిద్రపోనివ్వలేదని. నెమ్మదిగా అందితే, ఏదీ లేదని.

కిందటేడు పెద్దకోడలికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేచేది కాదు. ఆ సంగతి ఇంట్లో కొడుక్కీ చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. చెబితే "ఇక చాల్లే అమ్మా, మానెయ్" అంటారు. మానేస్తే ఇంట్లో తినడానికి కంచం ఉంటుంది. తన కంచం మాత్రం ఉండదు. ఆ తేడా తెలిసిన మనిషి ఆవిడ.

మొదటి రోజు పళ్ల బిగువున దుప్పటి పైకెత్తబోయింది. సగంలో చెయ్యి ఆగిపోయింది. అవతలి చివర చిన్నకోడలు ఒక్క క్షణం చూసింది. మర్నాటి నుంచి దుప్పటి కదలిక మారింది. విదిలింపంతా అవతలి చేతుల్లోంచే వచ్చేది, పెద్దకోడలు నడుం దగ్గర కొసలు గట్టిగా పట్టుకుంటే చాలు. సగం దూరం నడవాల్సిన చిన్నకోడలు పూర్తి దూరం నడిచి వచ్చి కొసలు తీసుకునేది. వంగడం కూడా ఆవిడదే. మేస్త్రికి తెలియలేదు, పక్క బల్లకు తెలియలేదు. పెద్దకోడలు కృతజ్ఞత చెబుదామంటే మాటల్లేవు. కొస మాత్రం నెమ్మదిగా అందించేది, వీలైనంత నెమ్మదిగా.

ఇలా ఉండగా లాండ్రీకి హెచ్చార్ వచ్చింది.

అంతకుముందు ఆ పని లెక్కల గుమాస్తా చేసేవాడు. సెలవు కావాలంటే ఆయన దగ్గరికి వెళ్తే తిట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు తిట్టకుండా ఇవ్వకపోవడానికి ఒక విభాగం పెట్టారు. ఆడవాళ్లు కూర్చుని మధ్యాహ్నం తినే గదిని ఖాళీ చేయించి, అద్దాలు బిగించి, తలుపు మీద "మానవ వనరుల విభాగం" అని, దాని కింద "మీ కోసమే మేము" అని రాయించారు. తమ కోసమే వచ్చినవాళ్లకు చోటిచ్చి ఆడవాళ్లు మెట్ల మీద కూర్చుని తినడం మొదలుపెట్టారు.

"వనరులంటే ఏంటక్కా?" అని మెట్ల మీద ఒకామె అడిగింది.

"నీళ్లు, బొగ్గు, కరెంటు. అవన్నీ అయ్యాక మనం," అంది ఇస్త్రీ పిన్ని.

విభాగానికి పెద్దగా వచ్చినాయన్ను అందరూ చిరునవ్వు సారు అనేవాళ్లు. ఆయన పళ్లు తెల్లగా ఉండేవి, చేతులు మెత్తగా ఉండేవి, నవ్వు ఎప్పుడూ ముఖం మీదే ఉండేది, ఉద్యోగంతో పాటు ఇచ్చినట్టు. ఎవరేం చెప్పినా "అర్థం చేసుకోగలను" అనేవాడు. అర్థం చేసుకున్న తర్వాత ఏం చేస్తాడో ఇస్త్రీ పిన్ని విషయంలో అందరికీ తెలిసింది. పిన్ని అమాయకంగా అద్దాల గదికి వెళ్లి, "సార్, మోకాళ్లు నొప్పి, ఒక స్టూలు వేయిస్తే కూర్చుని ఇస్త్రీ చేస్తాను" అంది. సారు ఆవిడ చెయ్యి పట్టుకుని, ధైర్యంగా చెప్పినందుకు మెచ్చుకుని, కళ్లు తుడుచుకున్నంత పని చేశాడు. నెల తిరగకుండా పిన్నికి కేకు కోశారు. "మీ విశ్రాంతి మాకు ముఖ్యం" అని కేకు మీద రాసి ఉంది. స్టూలు రాలేదు. ఆవిడ తర్వాత వచ్చిన పిల్లకు మోకాళ్లు కొత్తవి.

ఆ రోజు కేకు ముక్క చేతిలో పట్టుకుని పెద్దకోడలు తన కుడి భుజాన్ని పైటతో కప్పుకుంది. నొప్పి బయటికి కనపడుతుందేమోనని.

కొన్నాళ్లకు సారు పలకలాంటి పెద్ద ఫోనులో ప్రశ్నలు పెట్టుకుని బల్ల బల్లకీ తిరిగాడు. సంతోషం ఎంత ఉందో కొలుస్తున్నారట. పెద్దకోడలి దగ్గరికి వచ్చి అడిగాడు.

"మీ జోడీతో రోజూ మనసు విప్పి మాట్లాడతారా అమ్మా?"

"మాట్లాడను సార్."

"అప్పుడప్పుడు?"

"ఎప్పుడూ మాట్లాడను."

సారు నవ్వు ఒక్క క్షణం తడబడింది. "మరి పని ఎలా చేస్తారు?"

"చేతులతో సార్."

ఆయన అవతలి చివరికి వెళ్లి చిన్నకోడలిని అడిగాడు. "ఆవిడతో మీకేమైనా గొడవా?"

"గొడవేం లేదు సార్. మాట్లాడుకోం, అంతే."

"అదే కదమ్మా గొడవ!"

"కాదు సార్. మాట్లాడుకుంటే గొడవ."

సారు కళ్లు మెరిశాయి. లాండ్రీ మొత్తం మీద ఎక్కడా రోగం దొరకక ఎదురుచూస్తున్న వైద్యుడికి జ్వరం కేసు తగిలినట్టయింది. వెంటనే "మాటల వంతెన" అని ఒక కార్యక్రమం తయారైంది. రంగు కాగితాలు అంటించారు. ఏటికి ఇటూ అటూ రెండు చేతులు, మధ్యలో ఇంద్రధనుస్సు. మేస్త్రి ఆ కాగితం చూసి బతిమాలాడు. "సార్, బాగా తిరుగుతున్న చక్రానికి నూనె ఎందుకు సార్, జారిపోతుంది." సారు ఆయనకు కూడా "అర్థం చేసుకోగలను" అన్నాడు.

అద్దాల గదిలో మూడు కుర్చీలు గుండ్రంగా వేశారు. మూడు కుర్చీలు గుండ్రంగా ఎలా ఉంటాయో సారుకే తెలియాలి. మధ్యలో కూర్చుని ఆయన ఒక మెత్తటి పసుపు బంతి తీశాడు.

"ఈ బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మిగతావాళ్లు వినాలి. మాట్లాడాక అవతలివాళ్లకు విసరాలి. సరదాగా!"

బంతి పెద్దకోడలి ఒళ్లో పెట్టాడు. ఆవిడ దాన్ని పుచ్చిన వంకాయను చూసినట్టు చూసింది.

"మీ మనసులో ఉన్నది చెప్పండి."

"నా మనసులో ఏమీ లేదు సార్. బయట దుప్పట్లున్నాయి."

"సరే, బంతి ఆవిడకు విసరండి."

పెద్దకోడలు బంతి పట్టుకుంది. విసరాలంటే భుజం లేపాలి. బంతి బరువేమీ లేదు, అయినా ఆ క్షణంలో అది గుండురాయి అయింది. సారు చూస్తున్నాడు. వెంటనే చిన్నకోడలు లేచి వచ్చి, ఆవిడ చేతిలోంచి బంతి లాక్కుని వెళ్లి కూర్చుంది.

సారు చప్పట్లు కొట్టాడు. "చూశారా! ఒక అడుగు దగ్గరయ్యారు!" పలకమీద ఏదో నొక్కాడు. ఆ నొక్కుడుతోనే, సభ ఇంకా సగం కూడా కాకుండానే, "కిటికీ బల్ల జోడీ కలిసిపోయారు" అని పై ఆఫీసుకు నివేదిక వెళ్లిపోయింది. ఈ సంగతి తర్వాత తెలిసింది.

"ఇప్పుడు మీరు చెప్పండమ్మా. 'నేను బాధపడ్డాను, ఎందుకంటే' అని మొదలుపెట్టండి."

"నేను బాధపడ్డాను, ఎందుకంటే మీరు పని ఆపించారు," అంది చిన్నకోడలు.

"అలా కాదు. ఆవిడ గురించి. లోతుగా వెళ్లండి."

లోతుగా వెళ్లమన్నాడు. నూతిలో పడ్డ బిందె కోసం గాలం వేస్తే ఏవేవి తగులుతాయో ఆయనకేం తెలుసు.

"ఆవిడ గురించి నాకేం లేదు సార్. ఆవిడకే నా గురించి ఉంది. అడగండి."

"ఆవిడనే అడగండి సార్, ఏమన్నదో," అంది పెద్దకోడలు.

"బంతి లేకుండా మాట్లాడకూడదు," అన్నాడు సారు.

"బంతి నీ దగ్గరే పెట్టుకో నాయనా!" అని పెద్దకోడలు లేచింది. ఇన్నేళ్లుగా నోట్లో నానుతున్నది నేరుగా తోడికోడలి ముఖం మీదికి వచ్చింది. "నా వంతులో ఉండుంటే బతికేదన్నావు! పది మందిలో అన్నావు! ఆ వారమంతా రెప్ప వేయలేదే నేను! ఒళ్లు తుడిచి, పక్క మార్చి, నోట్లో చెంచాతో పోసి! నీ వంతు వచ్చినప్పుడల్లా మీ పుట్టింట్లో ఎవరికో ఒకరికి జ్వరం వచ్చేది కదా, మర్చిపోయావా?"

"మా అమ్మకు నిజంగానే వచ్చింది జ్వరం! నువ్వు మాత్రం? అత్తను చూసినంతసేపూ వీధి వినేలా గిన్నెలు చప్పుడు చేసేదానివి, ఎంత చాకిరీ చేస్తున్నావో అందరికీ తెలియాలని!"

"గిన్నెలు తోమితే చప్పుడు కాదా? నీలా వదిలేస్తేనే చప్పుడు ఉండదు!"

"అమ్మా, గొంతు తగ్గించి, 'నేను' అని మొదలుపెట్టి..." అన్నాడు సారు.

"మీరుండండి సార్!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ రోజు వాళ్లు కలిసి అన్న మాట అదొక్కటే.

చిన్నకోడలి ముఖం ఎర్రబడింది. వేలు చూపించింది. "చేసింది చెప్పుకోవడం నీకు అలవాటు. నేను చెప్పుకున్నానా? ఏడాదిగా నీ..."

అక్కడ ఆగింది.

పెద్దకోడలు చుట్టూ చూసింది. అద్దాల గది, సారు చేతిలో పలక, తెల్లటి పళ్లు. ఇంకొక్క మాట చాలు. భుజం. కేకు.

చిన్నకోడలు నోరు మూసింది. మింగింది. గొంతు కదలడం పెద్దకోడలికి కనపడింది. బంతిని కుర్చీలో పెట్టి, తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

సారు పలకవైపు చూశాడు. నిబంధన స్పష్టంగా ఉంది. ఘర్షణ నిర్ధారణ అయిన బంధువులు ఒకే బల్ల దగ్గర పని చేయకూడదు. కాబట్టి ఆ సాయంత్రమే ఇద్దరినీ విడదీశారు. అలా, ఒకే రోజు ఒకే జోడీని సారు పైకి కలిపేసి, కింద విడగొట్టాడు. ఇది చేతగాని పని అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దీనికి చదువు కావాలి.

పెద్దకోడలికి కొత్త జోడీ కబుర్ల పిల్ల. మంచి పిల్లే, కానీ దాని నోరు ఒక దారి, చేతులు ఒక దారి. "పెద్దమ్మా, పైకి లేపు! ఇంకొంచెం! ఏంటి పెద్దమ్మా, దుప్పటి బరువా?" అంటూ లాండ్రీ అంతా వినేలా అరిచేది. విదిలింపు ఒక పక్కకే వచ్చేది, దుప్పటి మూతి వంకర పెట్టినట్టు దిగేది. వంగి అందుకోవాల్సిన మడత నేలకు తగిలి మళ్లీ ఉతకడానికి పోయేది. ఎడమ చేత్తో కుడి మోచేతిని పైకి తోస్తూ పెద్దకోడలు నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. రాత్రి గోడవైపు తిరిగి పడుకుంటే భుజం మంట. గోడ అవతల కూడా ఎవరో అటూ ఇటూ పొర్లుతున్న చప్పుడు.

అవతల బల్ల దగ్గర చిన్నకోడలికీ సుఖం లేదు. అలవాటు కొద్దీ పూర్తి దూరం నడిచి వెళ్లి కొత్త జోడీ కాళ్లు తొక్కేది. "ఏంటమ్మా మీద పడతావ్?" అని ఆ జోడీ కసిరేది.

మేస్త్రి తల పట్టుకున్నాడు. మడతల పని వెనకపడిందని సారుకు చెప్పాడు. సారుకు దానికీ ఒక మందుంది. పని తగ్గినవాళ్లందరికీ వచ్చే సోమవారం సామర్థ్య పరీక్ష. "భయపడకండమ్మా, నర్సు వస్తుంది. చేతులు పైకెత్తమంటుంది, దింపమంటుంది, అంతే. మీ ఆరోగ్యం కోసమే."

మీ కోసమే. పెద్దకోడలికి నోట్లో కేకు రుచి వచ్చింది.

ఆ రాత్రి వంటింట్లో ఎవరూ లేనప్పుడు గోడకు ఆనుకుని చెయ్యి ఎత్తి చూసింది. వేళ్లతో గోడ మీద పాకించింది. ఛాతీ దాటాక వేళ్లు ఆగిపోయాయి. ఆ గోడే. ఆ మాట వల్ల కట్టిన గోడే.

శుక్రవారం పై ఆఫీసు మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. వార్త వినగానే సారు నవ్వు మొదటిసారి ముఖం దిగి ఎటో వెళ్లింది. ఆవిడ ప్రత్యేకంగా చూడాలనుకుంటున్నది "మాటల వంతెన"నట. ముఖ్యంగా కలిసిపోయిన ఆ తోడికోడళ్లనట.

సారు మెట్ల దగ్గరికి వచ్చాడు. ఎన్నడూ లేనిది, పెద్దకోడలి పక్కన మెట్టు మీదే కూర్చున్నాడు. ప్యాంటుకు దుమ్ము అంటుకుంది.

"అమ్మా, మీరిద్దరూ శుక్రవారం లోపు కలిసిపోవాలి."

"కలవమంటే కలవడానికి మేమేమైనా పాలూ నీళ్లా సార్?"

"అలా అనకండి. నేను పైకి రాసేశాను."

"ఏమని?"

"కలిసిపోయారని."

"ఎప్పుడు రాశారు?"

సారు బూట్లవైపు చూసుకున్నాడు. "బంతి అందుకున్నప్పుడు."

పెద్దకోడలికి నవ్వొచ్చింది, ఆపుకుంది. పెళ్లి కాకుండానే పిల్లాడికి పేరు పెట్టాడన్నమాట. ఇంతకాలం అద్దాల అవతల కూర్చున్న మనిషి ఇవాళ మెట్టు మీద చేతులు నలుపుకుంటున్నాడు. ఇలాంటి మెట్టు మళ్లీ దొరకదు.

"కలుస్తాం సార్. కానీ మా బల్ల మాకివ్వాలి. విడగొట్టి కలవమంటే ఎలా కుదురుతుంది? ఇంకోటి. మా బల్లకు పరీక్ష వద్దు. పని తగ్గింది మీరు విడగొట్టినందుకు, మా ఒళ్లు చెడి కాదు."

సారు నోరు తెరుచుకుని చూశాడు.

"మీరిద్దరూ మాట్లాడుకున్నారా?"

"లేదు సార్. ఎందుకు?"

"పొద్దున మీ చెల్లెలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ కూడా అచ్చం ఇవే రెండు అడిగారు. బల్ల కావాలి, పరీక్ష వద్దు. పరీక్ష వద్దన్నది మరీ గట్టిగా చెప్పారు. 'నాకు నర్సులంటే పడదు' అన్నారు."

చిన్నకోడలి అక్క కూతురు నర్సు. ఆ పిల్లను చూసి మురిసిపోని రోజు లేదు.

పెద్దకోడలు గిన్నె మూత పెట్టి, లేచి, "సరే సార్. పొద్దున్నే బల్ల సర్దించండి," అంది.

శుక్రవారం కిటికీ బల్లకు పూలకుండీ పెట్టారు. మేడమ్ వచ్చింది. చుట్టూ పది మంది, వాళ్ల మెడల్లో పది కార్డులు. తోడికోడళ్లకు సారు ముందురోజే మాటలు బట్టీ పట్టించాడు.

"నీతో మాట్లాడకపోవడం వల్ల నేను కోల్పోయినదాన్ని గుర్తించాను," అంది పెద్దకోడలు పూలకుండీతో.

"నీ భావాలను నేను గౌరవిస్తున్నాను," అంది చిన్నకోడలు కిటికీతో.

అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ మేడమ్ తెలివైనది, లేదా అలా కనపడాలనుకుంది. "ఇంతకీ మీ గొడవ దేని గురించి?" అని అడిగింది.

బట్టీలో ఇది లేదు. సారు ముఖం సున్నం కొట్టినట్టయింది. పెద్దకోడలు లెక్క వేసుకుంది. మళ్లీ ఆ మాట పైకి వస్తే మళ్లీ గొడవ, మళ్లీ విడదీత, సోమవారం నర్సు.

చిన్నకోడలు బల్ల అంచును వేలితో గీరింది.

"పెద్ద గొడవేం కాదు మేడమ్. మా అత్త జబ్బు గురించి." ఆగింది. "ఆవిడ ఎవరి వంతులో ఉన్నా పోయేదే. జబ్బు అలాంటిది. డాక్టరు కూడా ముందే చెప్పాడు. నాకు తెలుసు."

ఆ మాట చెప్పింది మేడమ్‌కు. మేడమ్ తల ఊపింది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. సారు "అద్భుతం" అని గొణిగాడు. పెద్దకోడలు దుప్పటి కుప్పవైపు తిరిగి, లేని ముడతను అరచేత్తో చాలాసేపు సాపు చేసింది.

"ఒక ఫోటో!" అంది మేడమ్. "ఇద్దరూ దుప్పటి పట్టుకుని, తల మీదికి పైకెత్తండి. ఎత్తుగా! ఎగురుతున్నట్టు!"

కెమెరా సిద్ధమైంది. కొసలు చేతుల్లోకి వచ్చాయి. పెద్దకోడలి కుడి చెయ్యి నడుం దగ్గర బిగుసుకుపోయింది. సారు "ఎత్తండమ్మా, ఎత్తండి" అంటున్నాడు.

"పైకెత్తితే మా మొహాలు కనపడవు కదా మేడమ్," అంది చిన్నకోడలు. "దుప్పటికి ఫోటో తీస్తారా, మాకు తీస్తారా? దుప్పటికైతే మేమెందుకు, దండెం మీద వేయండి."

చుట్టూ ఉన్న కార్డుల వాళ్లు నవ్వారు. మేడమ్ కూడా నవ్వక తప్పలేదు.

చిన్నకోడలు ఇటు తిరిగింది. "అక్కా, నడుం దగ్గరే పట్టు. నేను లాగుతాలే."

ఇన్నేళ్ల తర్వాత అక్కా అన్న పిలుపు. ఎవరూ రాసివ్వనిది.

"ఊఁ," అంది పెద్దకోడలు.

ఫోటో తీశారు.

ఆ ఫోటోను తలుపంత పెద్దదిగా చేయించి కిటికీ బల్ల పైన గోడకు తగిలించారు. దాని కింద "మాటే మన బలం" అని రాయించారు. సోమవారం వచ్చిన నర్సు ఆ బల్ల దగ్గర ఆగలేదు. ఉద్యోగుల గోడు వినడంలో మేటి అని సారు విభాగానికి బహుమానం వచ్చింది. సారును ఇంకా పెద్ద లాండ్రీకి, ఇంకా ఎక్కువ మంది బాధలు అర్థం చేసుకోవడానికి, పంపించారు. అద్దాల గదిలోకి ఇంకొకాయన వచ్చాడు. ఆయన పళ్లు కూడా తెల్లగానే ఉన్నాయి. ఆడవాళ్లు మాత్రం ఇంకా మెట్ల మీదే తింటున్నారు.

కొత్తాయన ఒకసారి బల్ల దగ్గరికి వచ్చి, గోడ మీది ఫోటోను, కింద ఉన్న మనుషులను మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడు బాగా మాట్లాడుకుంటున్నారా అమ్మా?"

"ఓ," అన్నారు ఇద్దరూ.

ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. మాటే మన బలం అన్న అక్షరాల కింద ఇద్దరూ దుప్పటి అందుకున్నారు. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడుకోలేదు. నిన్నా మాట్లాడుకోలేదు. విదిలింపు అవతలి నుంచి వచ్చింది, దుప్పటి గాలి నింపుకుని ముడత లేకుండా దిగింది. కొస నెమ్మదిగా చేతిలోంచి చేతిలోకి మారింది.

సాయంత్రం బస్సులో చిన్నకోడలు ముందే ఎక్కింది. పక్క సీటు మీద సంచి పెట్టుకుంది. పెద్దకోడలు ఎక్కగానే సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూడసాగింది, ఏదో వింత కనపడుతున్నట్టు. బయట ఏమీ లేదు. పెద్దకోడలు వచ్చి పక్కన కూర్చుంది, నొప్పి భుజం చిన్నకోడలి వైపు ఉంచి, వచ్చేపోయేవాళ్లు తగలకుండా.

ఇంటి మధ్య గోడ అలాగే ఉంది. గోడలకు హెచ్చార్ లేదు కాబట్టి వాటిని ఎవరూ కదిలించలేదు.

రాసింది గంజి పెద్దమ్మ. ఆ లాండ్రీలో దుప్పట్లకు గంజి పెట్టే పని చేశాను కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు, ఇప్పుడు నేనూ అదే రాసుకుంటున్నాను. వయసు అరవై ఎనిమిది. ఉంటున్నది చిన్న కూతురింట్లో, మెట్ల కింది గదిలో. చిన్నదే, కానీ కిటికీ ఉంది.